చల్లని గదిలో మాడిన పెట్టె

కొన్నేండ్ల క్రిందటి మాట. నవంబరు నెల. బంగాళాఖాతమునందు వాయుగుండమొకటి తుపానుగా మారి తీరము వైపునకు కదలి వచ్చుచుండెను. గంటకొకమారు వాతావరణ సూచనలను ప్రసారము చేయవలెనని మాకు ఉత్తరువు. రాత్రి ఎనిమిది గంటల సూచనను మేము చదువుచుండగా, ఒక వాక్యము నడుమ, మా ముందున్న మిక్సింగు బల్లపై వెలుగుచున్న చిన్న దీపములన్నియు ఒక్కసారిగ ఆరిపోయినవి. చెవులకు తగిలించుకొన్న హెడ్‌ఫోనులలో మా గొంతు మాకే వినరాకపోయెను. ప్రక్క గదిలోని మరియొక మైక్రోఫోనును వేరొక చిన్న మిక్సరునకు తగిలించి, తెగిన ప్రసారమును మరల అందుకొనుటకు తొమ్మిది నిమిషములు పట్టినది.

తొమ్మిది నిమిషములు పెద్ద కాలము కాదని తోచవచ్చును. ఆ రాత్రియే తీరమున నున్న ఒక పల్లె నుండి మాకు టెలిఫోను వచ్చినది. మాటలాడినవాడు సముద్రముపై బ్రతుకు వెళ్ళదీయు జాలరి. "బాబూ, ఊరు వదిలి అన్నారు, అంతే, ఆగిపోయారు. ఊరు వదిలి పొమ్మన్నారా, ఊరు వదిలి పోనక్కర్లేదన్నారా?" అని అతడు అడిగెను. చెప్పవలసినది చెప్పితిమి. కాని ఆ ప్రశ్న నేటికిని మా చెవులలో నున్నది.

మరునాటి ఉదయము మా ఇంజనీరుగారు ఆ బల్లకు విద్యుత్తునందించు పెట్టెను వెలికి తీసిరి. అది బల్ల క్రింద, కొయ్య అల్మారులో, మోకాలి ఎత్తున ఉండెడిది. మూత విప్పగానే ఘాటైన వాసన గుప్పున కొట్టినది. లోపల వ్రేలెడు పొడవు గల అల్యూమినియము డబ్బాలు నాలుగు వరుసగ నున్నవి. అవి కెపాసిటర్లు. రెండింటి నెత్తి బల్లపరుపుగ నున్నది. తక్కిన రెండును పూరీవలె పొంగినవి. అందొకటి నడినెత్తిన చీలియుండెను. ఆయన దానిని మాకు చూపి, పిమ్మట ఆ పెట్టెపై నుండి తీసిన కాగితముల కట్టను గూడ చూపిరి. పాత ప్రసంగముల వ్రాతప్రతులు. అడుగు కాగితము వేగిన అప్పడము రంగు తిరిగి, ముట్టుకొన్న పెళపెళ విరుగుచుండెను. వేడిగాలి పోవుటకై పెట్టె నెత్తిన చేసిన చిల్లులను ఆ కట్ట చక్కగ మూసివైచినది.

"ఈ కట్ట ఎవరిదండీ?" అని ఆయన అడిగిరి. దస్తూరి మాదే.

తప్పు ఒప్పుకొన్న తరువాతను మాకు సందేహమొకటి మిగిలినది. మా స్టూడియో ఏడాది పొడవునను 24 డిగ్రీల చల్లదనములో నుండును. శాలువా కప్పుకొని వార్తలు చదివిన దినములు కలవు. పైగా అది రోహిణి కార్తె కాదు, నవంబరు. అట్టి గదిలో ఒక పెట్టె వేడిచేత ఎట్లు మాడినది? దీనికి సమాధానము వెదకుచు మేము ఇంజనీరుగారి వద్దను, పుస్తకములయందును నేర్చుకొన్నదియే నేటి ప్రసంగ విషయము.

విద్యుత్తు ప్రవహించు ప్రతి తీగెయు, ప్రతి భాగమును ఎంతో కొంత వేడెక్కును. ప్రవాహము రెట్టింపైనచో ఒకే తీగెలో పుట్టు వేడి నాలుగు రెట్లగునని, ఇంగ్లండునందు బీరు కాచు కుటుంబమున పుట్టిన జేమ్స్ జూల్ 1841లో ప్రకటించెను. ఇస్త్రీపెట్టెలో మనకు కావలసినది ఆ వేడియే. రేడియోలో, టెలివిజనులో, కంప్యూటరులో కావలసినది వేరు. అచ్చట వేడి పిలువని పేరంటము. కంప్యూటరొకటి 100 వాట్ల విద్యుత్తును తీసికొన్నచో, అది ఎన్ని లెక్కలు కట్టినను, ఎన్ని ఉత్తరములు వ్రాసినను, తుదకు ఇంచుమించు ఆ 100 వాట్లును ఆ గదిలో వేడిగనే తేలును. ప్రసారిణి మాత్రము తాను తీసికొన్నదానిలో పెద్ద భాగమును తరంగములుగ ఆకాశమునకు పంపగలదు; మిగిలినది దానికిని వేడియే.

ఈ వేడి పుట్టు చోటు మిక్కిలి చిన్నది. ట్రాన్సిస్టరులో అది గోరంత సిలికాను పలుకు, ఒక్కొక్కప్పుడు ఆవగింజంత. కుంపటి చుట్టు కూర్చుండి చేతులు కాచుకొనవచ్చును. అందలి వేడిలో పిసరంతయైనను ఆవగింజలోనికి కూరినచో ఆవగింజ నిలువదు. సిలికాను భాగములను సాధారణముగ 125 మొదలు 150 డిగ్రీల వరకు మాత్రమే వేడెక్కనిత్తురు. వానికన్న ముందు వచ్చిన జెర్మేనియము ట్రాన్సిస్టర్లు 75, 85 డిగ్రీలకే చేతులెత్తివైచెడివి. వేడి పెరిగిన కొలది వానిలో ప్రవాహము పెరిగెడిది. ప్రవాహము పెరిగిన కొలది వేడి పెరిగెడిది. తుదకు తమ్ము తామే కాల్చుకొనెడివి. 1954లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ సిలికాను ట్రాన్సిస్టరును వెలువరించిన పిమ్మట ఆ బాధ క్రమముగ తగ్గినది.

సరే, ఆ సిలికాను పలుకులో పుట్టిన వేడి మన గదిలోని గాలిని చేరుట ఎట్లు? ఇచ్చట డెల్టా కాలువను తలచుకొనుట మేలు. ఎగువ నుండి క్షణమునకు ఇంత యని నీరు వచ్చుచున్నది. దారిలో తూములు ఒకదాని వెంట ఒకటి కలవు. వచ్చిన నీరంతయు ప్రతి తూము గుండ పోయి తీరవలెను. ఒక తూము ఇరుకైనచో నీరు ఆగిపోదు. దానికి ఎగువన మట్టము పెరుగును. పెరిగిన మట్టపు ఒత్తిడిచేత అదే నీరు ఆ ఇరుకు సందునుండియే దూరిపోవును. గట్టు చాలినంత ఎత్తు లేకున్న తెగును. వేడిమి సంగతియు ఇట్టిదే. క్షణక్షణము పుట్టు వేడి నీటి వంటిది. డిగ్రీలలో కొలుచు వేడిమి మట్టము వంటిది. దారిలో నున్న ఒక్కొక్క అడ్డు ఒక్కొక్క తూము. అన్నిటికిని దిగువన నున్న సముద్రమే మన గదిలోని గాలి. గది 24 డిగ్రీలలో నున్నదనగా సముద్రమట్టము తక్కువగ నున్నదని మాత్రమే అర్థము. నడుమ ఒక తూము పూడిపోయినచో, సముద్రము ఎంత దిగువన నున్నను ఎగువ గట్టునకు రక్షణ లేదు.

ఈ అడ్డును ఇంజనీర్లు లెక్కలోనికి తెత్తురు. ఒక వాటు వేడి దాటుటకు ఎన్ని డిగ్రీల తేడా కావలెనో అదియే దాని కొలత. రేడియో పని నేర్చుకొను కుర్రవాండ్రందరును ఎరిగిన 7805 అను రెగ్యులేటరును తీసికొందము. 12 వోల్టులు ఇచ్చిన, దానిని 5 వోల్టులుగ తగ్గించి ముందునకు పంపుట దాని పని. అర ఆంపియరు ప్రవాహమున మిగిలిన 7 వోల్టులను అది తానే దిగమ్రింగవలెను, అనగా 3.5 వాట్ల వేడి. మూడు కాళ్ళ ఈ చిన్న భాగమును ఒంటరిగ గాలిలో నిలిపినచో దాని అడ్డు వాటునకు సుమారు 65 డిగ్రీలు. మూడున్నరను 65 చేత హెచ్చించిన సుమారు 227. గది 30 డిగ్రీలున్నచో లోపలి సిలికాను 257 డిగ్రీలకు ఎక్కవలెను. అంతవరకు రాదు, అంతకుముందే దానిలోని రక్షక ఏర్పాటు ప్రవాహమును ఆపివైచును. పరికరము పని చేయదు, కుర్రవాడు కొట్టువానిని తిట్టుకొనును.

ఇప్పుడు ఆ రెగ్యులేటరునే రెక్కలు గల అల్యూమినియము దిమ్మకు బిగింతము. దీనినే హీట్ సింకు అందురు. సిలికాను నుండి భాగపు వీపు వరకు వాటునకు 5 డిగ్రీలు. వీపు నుండి దిమ్మకు 1 డిగ్రీ. దిమ్మ నుండి గాలికి 10 డిగ్రీలు అనుకొందము. మొత్తము 16. దీనిని మూడున్నర చేత హెచ్చించిన 56. గది 30 డిగ్రీలైనచో సిలికాను 86 డిగ్రీలు. హాయిగ బ్రతుకును. కాని గదిలోని గాలి వేరు, పెట్టెలోని గాలి వేరు. మూత బిగించి, చిల్లులపై వ్రాతప్రతుల కట్ట నుంచినచో లోపలి గాలి 60 డిగ్రీలకు ఎక్కుట వింత కాదు. అరువదికి 56 కలిపిన 116. ఈ రెగ్యులేటరునకు విధించిన హద్దు 125. వెలుపల మేము శాలువా కప్పుకొని కూర్చుండగా, లోపల నీరు గట్టు అంచునకు వచ్చియున్నది. మా పెట్టె దీనికన్న పెద్దది, భాగములు ఎక్కువ. లెక్క మాత్రము ఇదియే.

వీపునకును దిమ్మకును నడుమ నున్న ఒక్క డిగ్రీని చులకన చేయరాదు. రెండు లోహపు పలకలను ఎంత నునుపు చేసి అదిమినను అవి నిజముగ తాకునది కొన్ని బొడిపెల వద్దనే. తక్కిన చోటంతయు గాలి పొర. గాలి వేడికి చెడ్డ దారి. రాగి దానికన్న పదునైదు వేల రెట్లు మేలు. అందుచేత ఆ సందులలో తెల్లని లేపనము నొకదానిని పూయుదురు. క్రొత్తవాండ్రు దానిని రొట్టెకు వెన్నవలె దట్టముగ పట్టింతురు. అది పొరపాటు. లేపనము గాలికన్న ఎంతో నయమే కాని అల్యూమినియము ముందు నూరవ వంతునకు తూగునదియో, ఇంచుమించు అంతటిదియో. దోసె పెనముపై ఉల్లిపాయ ముక్కతో నూనె రాచినట్లు సందు పూడునంత మాత్రము చాలును. కొన్నేండ్లకు ఈ లేపనము ఎండి సున్నపు పొడివలె రాలును. మంచి పనివాడు మరమ్మతునకు విప్పినప్పుడెల్ల పాతదానిని తుడిచి క్రొత్తది పూయుట అందులకే. ఇది మూత క్రింద జరుగు పని గనుక ఎవరును మెచ్చుకొనరు.

దిమ్మ బిగించుటకు చోటు లేని చిన్న భాగములకు సర్క్యూటు బోర్డే దిక్కు. ఆ బోర్డు గాజునారయు, ఎపాక్సీ జిగురును కలిసిన పలక. వేడిని మోయుటలో కొయ్యకన్న ఏమంత మేలు కాదు. దానిపై అతికిన రాగిరేకు సామాన్యముగ 35 మైక్రానుల మందము, అనగా తలవెండ్రుకకన్న పలుచన. అయినను రాగి ఆ పలకకన్న వేయి రెట్లకు మించి వేడిని మోయగలదు గనుక ఆ పలుచని రేకే గొప్ప ఆదరువు. వేడి పుట్టు భాగము క్రింద రాగిని వెడల్పుగ వదలుదురు. అచ్చట గుంపుగ చిన్న చిన్న రంధ్రములు తొలిచి, వాని గోడలకు రాగి పూత పట్టించి, బోర్డు వెనుకవైపు రాగితో కలుపుదురు. చీమలు గుమిగూడినట్లు కనబడు ఆ రంధ్రములను చూచి మేము వెనుక అలంకారమనుకొంటిమి. అవి వేడికి పెరటి గుమ్మములు. అన్నిటికన్న ముందు, ఏ భాగము ప్రక్కన ఏ భాగము ఉండవలెనను విచక్షణ కావలెను. పొయ్యి ప్రక్క వెన్నగిన్నె పెట్టుకొని, తరువాత ఫ్యాను కొనుటలో అర్థము లేదు. కెపాసిటరు ఆ వెన్నగిన్నె.

కెపాసిటరు సంగతి కొంచెము నిలిచి చెప్పవలెను. మమ్ము ఆ రాత్రి మూగలను చేసినది అదియే. మా పెట్టెలోని జాతి కెపాసిటర్లలో ద్రవముతో తడిసిన కాగితపు చుట్ట ఉండును. వేడికి ఆ ద్రవము మెల్లమెల్లగ ఆవిరియై మూతసందునుండి జారిపోవును. వేడి పెరిగిన కొలది రసాయన చర్యలు ఎట్లు వేగిరపడునో స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు స్వాంటె అరీనియస్ 1889లో సూత్రము చెప్పెను. దాని నుండి ఇంజనీర్లు ఒక మోటు లెక్కను వాడుకలోనికి తెచ్చిరి. ప్రతి 10 డిగ్రీల పెంపునకు ఆయువు సగమగును. ప్రతి 10 డిగ్రీల తగ్గింపునకు ఆయువు రెట్టింపగును. మా కెపాసిటరుపై '105 డిగ్రీలు, 2000 గంటలు' అని అచ్చయియున్నది. 2000 గంటలనగా ఎనుబది మూడు దినములు మాత్రమే! మేము ఉలిక్కిపడితిమి. అది 105 డిగ్రీలలో నిలిపి ఉంచిననాటి ఆయువు. 95లో 4000 గంటలు, 85లో 8000, 75లో 16,000, 65లో 32,000, 55లో 64,000. మా పెట్టెకు రాత్రియు పగలును విశ్రాంతి లేదు. కెపాసిటరు 55 డిగ్రీలలో నున్నచో ఏడేండ్లకు పైగ నడువవలసినది. 75 డిగ్రీలలో నున్నచో రెండేండ్లయినను నిండవు. మా కాగితముల కట్ట పెట్టె పైకెక్కి ఇంచుమించు రెండేండ్లయినదని తేదీలు చూచుకొని గ్రహించితిమి. కనుక ఆ పెట్టె తుపాను రాత్రి చచ్చినది కాదు. రెండేండ్లుగ చచ్చుచు వచ్చి, ఆ రాత్రి పడిపోయినది. నవంబరు చలికిని, మే ఎండకును అందులో ప్రమేయము స్వల్పము.

ఇక గాలి సంగతి. వేడెక్కిన గాలి పైకి పోవునని అందరును ఎరుగుదురు. దిమ్మ రెక్కలను నిలువుగ నిలుపుట అందులకే; అడ్డముగ బిగించినచో రెక్కల నడుమ గాలి చిక్కుకొని నిలిచిపోవును. రెక్కలకు నల్లరంగు వన్నె కొరకు కాదు. మెరయు అల్యూమినియము వేడిని కిరణములుగ వెదజల్లుటలో పరమ లోభి. పైన ఆనోడైజు పొర పట్టించినచో అదే లోహము పది రెట్లకు మించి వెదజల్లును. మన పాత పెంకుటిండ్లలో క్రింద కిటికీయు, పైన గవాక్షమును పెట్టిన వడ్రంగులు ఈ శాస్త్రమును చదువలేదు. చల్లగాలి వచ్చుటకు క్రింద నొక దారియు, వేడిగాలి పోవుటకు పైన నొక దారియు కావలెనని మాత్రము వారికి తెలియును. పరికరపు పెట్టె అడుగున నాలుగు రబ్బరు కాళ్ళు ఉండుట ఆ క్రింది దారి కొరకు. ఒక కాలు ఊడినదని తక్కిన మూడింటిని పెరికి, పెట్టెను మెత్తని గుడ్డపై కూర్చుండబెట్టువారు కలరు. క్రింది దారి మూయుట వారి వంతు, పై దారి మూయుట మా వంతు.

తనంతట గాలి కదలుట చాలనిచో ఫ్యాను కావలెను. 100 వాట్ల వేడిని, గాలి 10 డిగ్రీలు మాత్రమే వేడెక్కునట్లు మోసికొనిపోవుటకు నిమిషమునకు సుమారు 500 లీటర్ల గాలి కావలెను. గాలి ఎంత వచ్చినదన్నది ఒకటి, ఎటు పోయినదన్నది మరొకటి. దీనిని మేము ఆ మరునాడే నేర్చుకొంటిమి. మాడిన పెట్టెకు బదులు మరియొకదానిని ఇంజనీరుగారు అమర్చిరి. దానికి లోపలనే చిన్న ఫ్యాను కలదు. పశ్చాత్తాపముతో నున్న మేము మా గదిలోని టేబిల్ ఫ్యానును తెచ్చి, అల్మారు వెనుక తలుపు తీసి, పెట్టె వీపునకు ఎదురుగ పెట్టి పూర్తి వేగముతో తిప్పితిమి. సాయంకాలమునకు పెట్టె మునుపటికన్న వేడెక్కినది. ఇంజనీరుగారు వచ్చి చూచి, "మీరు దానికి సాయం చేస్తున్నారా, కుస్తీ పడుతున్నారా?" అని నవ్విరి. లోపలి చిన్న ఫ్యాను ముందు నుండి గాలిని పీల్చి వెనుకకు త్రోయుచున్నది. మా పెద్ద ఫ్యాను ఆ వేడిగాలినే మరల లోనికి త్రోయుచున్నది. ఇరుకు సందులో ఎడ్లబండ్లు రెండు ఎదురుపడినట్లు అయినది. మా ఫ్యానును మేము గౌరవముగ మా గదికి తెచ్చుకొంటిమి.

వేడి ఎక్కువగుట ఒక బాధ. ఎక్కుచు దిగుచు నుండుట మరియొక బాధ. సిలికాను, రాగి, బోర్డు, టంకము ఇవి ఒక్క తీరున వ్యాకోచించునవి కావు. డిగ్రీకి సిలికాను సాగుదలకన్న బోర్డు సాగుదల ఐదారు రెట్లు. పరికరమును వేసినప్పుడు ఒక లాగుడు, తీసినప్పుడు ఒక లాగుడు. తీగెను ఇటునటు వంచి విరిచినట్లు, కొన్ని వేల పర్యాయములకు టంకపు అతుకులో వెండ్రుకవాసి చీలిక పడును. 1946లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున ఎనియాక్ అను కంప్యూటరును లోకమునకు చూపిరి. సుమారు 18,000 వాల్వులు, 150 కిలోవాట్ల విద్యుత్తు. దాని వాల్వులు ఎక్కువగ చెడినది నడుచుచున్నప్పుడు కాదు, వేయునప్పుడును ఆర్పునప్పుడును. అందుచేత దానిని ఆర్పకుండ ఉంచుట మొదలుపెట్టిరి. ఇది పాతకాలపు గొడవ యని తలపవలదు. మైక్రోసాఫ్ట్ సంస్థ 2005లో విడుదల చేసిన ఎక్స్‌బాక్స్ 360 అను ఆటల యంత్రము ఇండ్లలో విరివిగ చెడిపోవుచుండగా, 2007 జూలైలో ఆ సంస్థ హామీని మూడేండ్లకు పొడిగించి, అందు నిమిత్తము నూరు కోట్ల డాలర్లకు మించిన మొత్తమును తన ఖాతాలలో వ్రాసికొన్నది. వేయుచు ఆర్పుచు నుండుటచేత కలుగు వేడి మార్పులకు లోపలి సన్నని అతుకులు తెగుటయే కారణమని ఆ సంస్థవారే తరువాత చెప్పిరి.

పుట్టిన వేడిని తరుముటకన్న పుట్టనీయకుండుట మేలు కాదా యని శ్రోతలు అడుగవచ్చును. నిజము. 100 వాట్లు ఇచ్చు పాతరకపు విద్యుత్ పెట్టె సగము సామర్థ్యముతో నడచినచో మరియొక 100 వాట్లను వేడిగ వృథా చేయును. క్షణమునకు వేలాది పర్యాయములు మీట వేసి తీసినట్లు పని చేయు క్రొత్తరకపు పెట్టె నూటికి 90 వంతుల సామర్థ్యము గలదైనచో వృథా 11 వాట్లే. నేటి చార్జర్లు అరచేతిలో ఇముడుటకు కారణమిదియే. కంప్యూటరు చిప్పుల తయారీదారులును ఒకనాడు ఈ గోడకే తల తాకించుకొనిరి. ఏటేట వేగమును పెంచుచు వచ్చిన ఇంటెల్ సంస్థ 2004 మే నెలలో, టేజస్ అను పేరుతో తయారగుచున్న చిప్పును వేడి భరింపరానిదగుటచేత విడిచిపెట్టి, ఒకే చిప్పుపై రెండు మెదళ్ళను పెట్టు దారికి మరలినది.

మన కుండయు ఈ విద్యలో వెనుకబడినది కాదు. కుండ చెమర్చి, ఆ చెమ్మ ఆవిరియగుచు వేడిని తీసికొనిపోవుటచేత నీరు చల్లబడును. ఒక గ్రాము నీరు మరిగి ఆవిరియగుటకు సుమారు 540 కెలోరీలు కావలెను. అంతటి బరువును మోయగల కూలీ మరియొకడు లేడు. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలయందు జార్జి గ్రోవరు ఈ శక్తినే మూసిన గొట్టములో బంధించెను. నేటి ల్యాప్‌టాపులలో పెన్సిలంత రాగి గొట్టమును విప్పి చూచినచో లోపల కొన్ని చుక్కల నీరే ఉండును. వేడి కొసను ఆ నీరు ఆవిరియై, చల్లని కొసను మరల నీరై, దీపపు వత్తి నూనెను పీల్చినట్లు గోడల వెంట వెనుకకు వచ్చును. మరయు లేదు, చప్పుడు లేదు. దానిని తొలిసారి చూచినపుడు మాకు మా ఇంటి కుండ జ్ఞప్తికి వచ్చినది.

ఇండ్లలోని సంగతి రెండు మాటలలో చెప్పెదము. ఎల్.ఇ.డి. దీపము చల్లని దీపమను పేరు దానికి చేటు తెచ్చినది. పాత బల్బు తన వేడిని చాలవరకు కిరణములుగ వెదజల్లి ఊరకుండెడిది. ఎల్.ఇ.డి. వేడి తన వీపునుండియే పోవలెను. దానిని మూసిన గాజు గోళములో బిగించినచో దీపము చెడక ముందే లోపలి చిన్న కెపాసిటరు చెడును. ఇంటర్నెట్టు రూటరును దుమ్ము పడునని బీరువాలో పెట్టి తలుపు మూయరాదు. సెట్‌టాప్ బాక్సుపై స్టెబిలైజరును, దానిపై మరియొకదానిని పేర్చరాదు. సెల్‌ఫోనును చార్జింగు పెట్టి దిండు క్రింద నుంచి నిద్రించువారిని చూచినపుడు మాకు మా కట్టయే కనబడును. పెట్టె వెలుపలి చిల్లులను పొడి కుంచెతో తుడుచుట మన పని. మూత విప్పుట తెలిసినవారి పని. విద్యుత్తు తీసివేసిన పిమ్మటను కెపాసిటర్లలో ఆవేశము నిలిచియుండి ప్రాణములకు ముప్పు తేగలదు.

మా స్టూడియోలో ఆ పెట్టె నేటికిని బల్ల క్రిందనే ఉన్నది. అల్మారు తలుపునకు క్రిందను పైనను జాలీలు కొట్టించితిమి. ఇంజనీరుగారు పెట్టె నెత్తికి జానెడు ఎత్తున చిల్లుల రేకు నొకదానిని పాక కప్పువలె ఏటవాలుగ బిగించిరి. దానిపై ఏమి పెట్టినను జారి క్రింద పడును. బిగించిన వారము దినములలోనే దానిపై ఎవరో కాఫీ గ్లాసు పెట్టబోయిరి. ఎవరని ఇంజనీరుగారు అడుగలేదు; మా వైపు చూచి తడిగుడ్డ అందించిరి.